తవుడిచ్చి కొన్న పేరు

నా పేరు తవుడు. ఊళ్లో పెద్దవాళ్లు తవిటయ్య అనేవారు. సర్టిఫికెట్లలో మాత్రం ప్రసాదరావు అని ఉంటుంది. ఈ రెండు పేర్ల మధ్యే నా బతుకంతా నడిచింది. అందుకని పేర్ల గురించి రాయాలంటే నేను నా నుంచే మొదలుపెట్టాలి.

మాది నెల్లిమర్ల. విజయనగరం పక్కనే, చంపావతి ఒడ్డున. మా అయ్య జూట్ మిల్లులో పని. మా అమ్మకి నాకు ముందు ముగ్గురు గుంటలు పుట్టి పోయారు. ఒకడు పురిట్లోనే పోయాడు. ఒకడు వాంతులూ విరేచనాలతో. మూడోవాడికి నడకొచ్చాక అమ్మోరు పోసింది. వాళ్లని ఏమని పిలిచేవారో ఎన్నిసార్లడిగినా అమ్మ చెప్పలేదు. నేను పుట్టగానే మంత్రసాని నన్ను చేటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. అవతలి వీధి ముసలమ్మ దారినపోతూ చూసినట్టు, "ఎవులో గుంటడ్ని పారేసినారమ్మా" అని కేకేసి చేటతో సహా ఎత్తుకెళ్లింది. మా అమ్మ ఆవిడకి అడ్డెడు తవుడు కొలిచిచ్చి నన్ను కొనుక్కుంది. కన్నకొడుకైతే చావు పట్టుకుపోతుంది. ఎవరో పారేసినవాడు, తవుడికి అమ్ముడుపోయినవాడు అయితే దాని కంటికి ఆనడు. ఇదీ లెక్క.

పోయిన ఏడాది నాకు మనవడు పుట్టాడు. హైదరాబాదు నుంచి కొడుకు ఫోన్ చేసి, "నాన్నా, మంచి పేరు చూడు, అర్థం బాగుండాలి" అన్నాడు. విజయనగరం బస్టాండులో మగపిల్లల పేర్లూ, వాటి అర్థాలూ చెప్పే చిన్న పుస్తకం ఒకటి కొన్నాను. సాహిత్య విమర్శ రాసేవాళ్లు ఇలాంటి పుస్తకాల జోలికి పోరు. కానీ తెలుగిళ్లలో నవల లేని ఇల్లుంటుంది గానీ, బిడ్డ పుట్టినప్పుడు ఇలాంటి పుస్తకమో, ఇప్పుడైతే సెల్‌ఫోన్లో ఇలాంటి జాబితానో తెరవని ఇల్లు అరుదు. అందుకే దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒక రచనలాగే చదివాను.

వందల పేర్లున్నాయి. సగానికి పైగా పేర్లకి అర్థం విష్ణువు, శివుడు, సూర్యుడు. మిగతావాటికి రాజు, చక్రవర్తి, జయించేవాడు, సంపద కలవాడు. పని చేసేవాడు అనే అర్థం ఒక్క పేరుకీ లేదు. నేసేవాడు లేడు, దున్నేవాడు లేడు, చెప్పు కుట్టేవాడు లేడు. అన్నీ సంస్కృతమే. ఆర్యన్ అనే పేరుకెదురుగా ఉత్తముడు అని రాసుంది. ఆర్యుడు ఉత్తముడైతే ఎవరితో పోలిస్తే ఉత్తముడు? పుస్తకం చెప్పదు. మా వీధిలో ఇద్దరు గుంటలకి ఇప్పుడా పేరుంది.

నా పేరు అందులో వెతికాను. లేదు. మా అయ్య పేరు లేదు. మా వీధిలో మగవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ గుర్తు చేసుకుని వెతికాను. పెంటయ్య, అసిరయ్య, పైడయ్య, అప్పలస్వామి, సిమ్మాచలం, సన్యాసి, మరిడయ్య, పోలయ్య, ముత్యాలు. ఒక్కటీ లేదు. పుస్తకం లెక్కన మా వీధిలో మగపిల్లలే పుట్టలేదు.

కాబట్టి ఆ పుస్తకం రాయని అర్థాలు మనమే రాసుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మగవాళ్ల పేర్లు మూడు తోవల్లో వచ్చాయి. మొదటిది నేను చెప్పిన తోవ. తవుడు, తవిటయ్య, పెంటయ్య. తవుడిచ్చి కొన్నవాడు, పెంట మీద దొరికినవాడు. మనవైపే కాదు, తెలంగాణలో పెంటయ్యలున్నారు, కోస్తాలో పిచ్చయ్యలున్నారు. పిచ్చయ్య అంటే పిచ్చివాడని నవ్వుతారు గానీ అది బిచ్చమెత్తి నిలుపుకున్న బిడ్డ పేరు అంటారు. తమిళుల కుప్పుసామిలో ఉన్న కుప్ప మన పెంటకుప్పే. సన్యాసి కూడా ఈ జాతి పేరేనని నా ఊహ. పుట్టిన మర్నాడే గుంటణ్ణి సన్యాసీ అని పిలవడమంటే, వీడికి ఇల్లూ లేదు, వాకిలీ లేదు, వీణ్ణి వదిలెయ్యి అని చావుకి చెప్పడం కాదా?

రెండోది అమ్మల తోవ. అసిరమ్మ నుంచి అసిరయ్య, పోలమ్మ నుంచి పోలయ్య, మరిడమ్మ నుంచి మరిడయ్య, నూకాలమ్మ నుంచి నూకరాజు, విజయనగరం పైడితల్లి నుంచి పైడయ్య, పైడిరాజు. మీసాలున్న మగవాడు నా పేరు పైడితల్లి అని చెప్పుకుంటే మావైపు ఎవరూ నవ్వరు. మగబిడ్డకి ఆడదేవత పేరు పెట్టడానికి సిగ్గుపడని నేల ఇది. ఈ అమ్మల్లో చాలామంది మశూచి, కలరాలతో ముడిపడ్డవాళ్లు. రోగమిచ్చేదీ తల్లే, తీసేదీ తల్లే. పైడితల్లి విజయనగరం పూసపాటి రాజుగారి చెల్లెలని కథ. 1757లో బొబ్బిలి యుద్ధంలో ఆ రాజు చచ్చిపోయాడు. ఆయన గజపతి పేరు మా వీధిలో ఎవరూ పెట్టుకోలేదు. ఆయన చెల్లెలి పేరు మాత్రం ఇంటింటా ఉంది.

మూడోది కొండ తోవ. సింహాచలం అప్పన్న నుంచి అప్పన్న, అప్పలస్వామి, అప్పలకొండ, సిమ్మాద్రి. మా నెల్లిమర్లకి దగ్గర్లోనే రామతీర్థం ఉంది కాబట్టి రాముళ్లకీ కొదవలేదు. అయితే ఒక మాట. 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా మా తాతల్లాంటివాళ్లు అప్పన్న పేరు మోశారే గానీ అప్పన్న గుమ్మం తొక్కే హక్కు చట్టంలో లేదు. దేవుడి పేరు పెట్టుకోవచ్చు, దేవుడి ముందు నిలబడకూడదు.

ఇక్కడ మన మిత్రులు కొందరు ఒక వాదం చేస్తారు. పెంటయ్య, తవుడు లాంటివి అగ్రకులాలు మనల్ని నీచపరచడానికి పెట్టిన పేర్లు అంటారు. దానికి మనుస్మృతి ఆధారం చూపిస్తారు. నిజమే. రెండో అధ్యాయం 31వ శ్లోకంలో మనువు, బ్రాహ్మణుడి పేరు మంగళాన్నీ, క్షత్రియుడి పేరు బలాన్నీ, వైశ్యుడి పేరు ధనాన్నీ, శూద్రుడి పేరు జుగుప్సనీ సూచించాలని శాసించాడు. తర్వాతి శ్లోకంలో పేరు తోకలు కూడా పంచాడు. శూద్రుడి తోక సేవ. నాలుగు వర్ణాల లెక్కలోకే రానివాడికి ఆ మాత్రం పేరు కూడా చెప్పలేదు. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్ ఆ పుస్తకాన్ని తగలబెట్టించింది ఊరికే కాదు.

అయినా ఆ వాదాన్ని నేను సగమే ఒప్పుకుంటాను. మనువు చెప్పాడని మా అమ్మ నన్ను పెంట మీద పెట్టలేదు. ఆమెకి మనువు పేరే తెలీదు. పైగా ఈ పేర్లు మన వీధుల్లోనే లేవు. పిచ్చయ్యలు బ్రాహ్మణుల్లో ఉన్నారు, తవిటినాయుళ్లు నాయుళ్లలో ఉన్నారు. బిడ్డలు పోయిన తల్లి ఏ కులంలోనైనా ఇదే పని చేసింది. తేడా ఎక్కడుందో నాకు మూడో తరగతిలో తెలిసింది.

మా తరగతిలో ఇద్దరు తవుళ్లం. ఒకడు తవిటినాయుడు, ఊళ్లోవాడు. రెండోవాణ్ణి నేను. హాజరు పిలిచేటప్పుడు మాష్టారు వాణ్ణి "నాయుడూ" అనేవాడు. నన్ను "తవిటిగా" అనేవాడు. ఒకరోజు "తవుడేటిరా, గేదెలు తింటాయి కదరా" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. తవిటినాయుడు కూడా నవ్వాడు. వాడి పేరులో ఉన్నదీ అదే తవుడని వాడికి తట్టలేదు, మాష్టారికీ తట్టలేదు. ముందున్న మాటని వెనకున్న తోక మింగేసింది. అప్పల అన్న ఒక్క మాటే చూడండి. రాజు చేరితే అప్పలరాజు, నాయుడు చేరితే అప్పలనాయుడు, మా వీధికొస్తే అప్పలిగాడు. పేరుకి అర్థం నిఘంటువులో ఉంటుందనుకోవడం అమాయకత్వం. పిలిచేవాడి నోట్లో ఉంటుంది.

ఆరోజు ఇంటికెళ్లి అమ్మ మీద విరుచుకుపడ్డాను. ఇలాంటి నీచం పేరు ఎందుకెట్టావని ఏడ్చాను. ఆమె బియ్యంలో రాళ్లేరుతూ అంది: "ఇలవ నేదని ఆ సావుకి సెప్పినాను గానీ, నీకు సెప్పినానేటిరా?" ఆ మాట నాకు అర్థం కావడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది.

మన సాహిత్యం ఈ పేర్లతో ఏం చేసింది? గురజాడ కన్యాశుల్కం మా విజయనగరంలోనే 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. అందులో అవధాన్లున్నారు, పంతుళ్లున్నారు, శాస్త్రులున్నారు. అసిరి ఉన్నాడు గానీ నౌకరుగా, అసిరిగాడుగా ఉన్నాడు. మా నేల మీద పుట్టిన గొప్ప నాటకంలో మా అమ్మోరి పేరుకి దొరికిన చోటు అది. గురజాడ ఉన్నదున్నట్టు రాశాడంటారు. ఒప్పుకుంటాను. కానీ పిల్లలు బళ్లో అసిరిగాడు అన్న మాట రాగానే నవ్వడం నేర్చుకుంది ఉన్నదున్నట్టు రాసిన ఇలాంటి పుటల నుంచే.

ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో మాలపల్లి తెచ్చారు. తెలుగు నవలలో మాలవాడు కథానాయకుడు కావడం చిన్న సంగతి కాదు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా. అందులో తండ్రి రామదాసు, కొడుకులు వెంకటదాసు, సంగదాసు. వైష్ణవ దాసరి సంప్రదాయం మాలల్లో ఉంది కాబట్టి ఆ పేర్లు అబద్ధం కాదు. దేవుడికి దాసుడు అనే అర్థమూ ఉంది. కానీ తండ్రీ కొడుకులు ముగ్గురికీ తోక సేవే అయింది చూడండి. ఆ వెంకటదాసు ఓర్పు నశించి ధనవంతుల మీద తిరగబడ్డాక వెంకటదాసుగా ఉండలేకపోయాడు, తక్కెళ్ల జగ్గడయ్యాడు. దాసు అన్న పేరుతో తిరుగుబాటు చెయ్యడం కుదరదని ఉన్నవ కలానికి తెలిసినట్టే ఉంది.

కాళీపట్నం రామారావు యజ్ఞం మా జిల్లాల కథ. దాని మీద మార్క్సిస్టులు చాలా చర్చ చేశారు. అప్పు మాట్లాడారు, భూమి మాట్లాడారు. పేర్లు ఎవరూ మాట్లాడినట్టు నేను చూడలేదు. తీర్పు చెప్పే పెద్ద శ్రీరాములునాయుడు. అప్పుపడ్డ దళితుడు అప్పల్రాముడు. ఆ తీర్పు విని, తన పసివాడు పాలేరుగా బతక్కూడదని వాణ్ణి చేతులారా నరికినవాడు అప్పల్రాముడి కొడుకు సీతారాముడు. ముగ్గురిలోనూ రాముడే. ఒక రాముడికి శ్రీ ముందుంది, నాయుడు వెనకుంది. ఇంకో రాముడికి రెండూ లేవు. రామరాజ్యంలో రాముళ్లందరూ ఒకటి కాదని ఆ మూడు పేర్లే చెబుతున్నాయి. రచయిత తలుచుకుని పెట్టాడో, ఊళ్లో విన్న పేర్లే వచ్చిపడ్డాయో, ఏదైనా సరే, కథలో తీర్పు రాకముందే పేర్లలో తీర్పు అయిపోయింది.

జాషువా సంగతి ఇంకా చిత్రం. 1895లో వినుకొండలో పుట్టిన ఆయనకి పెట్టింది బైబిల్ పేరు, దేవుడే రక్షణ అని అర్థం. ఆయన చిన్ననాటి స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి. ఇద్దరూ జంటకవులుగా రాద్దామనుకుని, రెండు పేర్లూ కలిపితే ఏ జంటపేరూ కుదరక మానేశారని చెప్పుకుంటారు. తిరుపతి, వెంకట అతుక్కున్నట్టు గుర్రం జాషువా, పిచ్చయ్యశాస్త్రి అతుక్కోలేదు. నవ్వుకోవడానికి చెప్పే ముచ్చటే. నాకు మాత్రం అందులో పిచ్చయ్యని కాపాడిన శాస్త్రి తోక కనిపిస్తుంది.

పదో తరగతి దరఖాస్తులో నేను పేరు మార్చుకున్నాను. "ఇప్పుడైతే కలంతో మారుతుంది, తర్వాతైతే గెజిట్‌కెక్కాలి" అని ఒక మాష్టారు మంచికే చెప్పాడు. ఉద్యోగాలున్నవాళ్లందరికీ రావు ఉంది కాబట్టి నేనూ ప్రసాదరావునయ్యాను. ఉద్యోగమొచ్చింది. కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం అమ్మ మా ఆఫీసుకొచ్చి, "మా తవుడున్నాడా బాబూ" అని అటెండర్ని అడిగింది. ఆ పేరుతో ఎవరూ లేరన్నాడు. ఆమె నోట ప్రసాదరావు ఎప్పుడూ పలికింది కాదు, ఆ వేళ గుర్తూ రాలేదు. సాయంత్రం నేను బయటికొచ్చేదాకా వేపచెట్టు కింద కూర్చుంది. అయ్యకి పక్షవాతమొచ్చిందని చెప్పడానికి వచ్చింది. మేం వెళ్లేసరికి అయ్య మాట పడిపోయింది. తప్పు అటెండరుది కాదు. నా పేరు ఆఫీసులో ఎవరికీ తెలియకుండా దాచినవాణ్ణి నేనే. నన్ను తవుడా అని పిలిచే గొంతుల్లో ఒకటి అలా పోయింది.

పేరు మార్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాను. 1888లో హైదరాబాదులో పుట్టిన మాదరి భాగయ్య భాగ్యరెడ్డి అయ్యారు. 1913లో ఆర్యసమాజం ఇచ్చిన బిరుదు చేరి భాగ్యరెడ్డివర్మ అయ్యారు. 1917లో బెజవాడలో ఆయన అధ్యక్షతన జరిగిన సభ పంచములు అన్న మాటని తోసేసి, మనం ఆది ఆంధ్రులం అని చెప్పింది. పదిహేనేళ్లు దాటాక గాంధీ హరిజనులన్నాడు. మనం పెట్టుకున్న పేరు మూలనబడి, ఆయన పెట్టింది ఊరంతా పాకింది. చర్చికెళ్లే మనవాళ్లకి ఇంకో తిప్పలు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. అందుకే మా వీధిలో ఒకే మనిషి ఆదివారం యోహాను, సోమవారం అప్పారావు. ప్రార్థనకొక పేరు, సర్టిఫికెట్‌కొక పేరు.

రామతీర్థం దగ్గర గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. పక్కనే బోధికొండ. బుద్ధుడి జాడ కొండల పేర్లలో మిగిలింది గానీ మా గుంటల పేర్లలో మిగల్లేదు. 1956 తర్వాత అంబేద్కర్ తోవ పట్టిన ఇళ్లలో సిద్ధార్థ, గౌతమ్, రాహుల్ మళ్లీ పుట్టారు. 1994లో దండోరా మొదలయ్యాక పేరు చివర మాదిగ అని రాసుకున్నవాళ్లు మాత్రం తోకనే తిప్పికొట్టారు. తిట్టుగా వాడిన మాటని తలపాగాలా చుట్టుకున్నారు. మన పేర్ల చరిత్రలో అంతకన్నా పెద్ద సాహసం నాకు కనబడలేదు.

ఇవన్నీ మా కొడుక్కి ఫోన్లో చెప్పాను. ఆ పుస్తకం పేరు ఒక్కటీ పెట్టొద్దన్నాను. ఆర్యన్ అంటే ఒప్పుకోనన్నాను. వాడు అంతా విని అన్నాడు: "నాన్నా, ఇక్కడ ఇల్లు అద్దెకి అడిగితే ముందు పేరడుగుతారు, తర్వాత ఇంటిపేరు అడుగుతారు, తర్వాత ఇంట్లో ఏం వండుతారని అడుగుతారు. వాణ్ణి ఆ మొదటి ప్రశ్నైనా దాటనీ."

నాకు నోట మాట రాలేదు. మా అమ్మ చేసిన పనే మా వాడూ చేస్తున్నాడు. ఆమె చావుని మోసం చెయ్యడానికి నేలబారు పేరు పెట్టింది. వాడు కులాన్ని మోసం చెయ్యడానికి పైనున్న పేరు వెతుకుతున్నాడు. ఇద్దరిదీ బిడ్డ దక్కాలన్న భయమే. అలాంటి వాణ్ణి సంస్కృతీకరణ అని తిట్టి పక్కన పెట్టడం నాకు చేతకాలేదు.

కానీ ఒక తేడా ఉంది. చావు కొన్నిసార్లు మోసపోయింది. నిజానికి దాన్ని గెలిచింది తవుడు కాదు, టీకాలూ ఆసుపత్రులూ. మశూచి మన దేశంలో 1975తో పోయింది. బిడ్డలు బతకడం మొదలయ్యాక తవుళ్లూ పెంటయ్యలూ పుట్టడం తగ్గింది. దానికి నేనేడవను. భయంతో పెట్టిన పేరు, భయం పోతే పోవాలి. కులం మాత్రం పేరుతో మోసపోదు. పేరు మారిస్తే ఇంటిపేరు అడుగుతుంది, అదీ మారిస్తే ఏ ఊరు, ఏ వీధి అంటుంది. హిందూమతంలోనే ఉంటూ పేరు మార్చుకున్నంత మాత్రాన అంటరానితనం వదలదని, అడిగేవాడు ఆ తర్వాతి ప్రశ్న అడుగుతూనే ఉంటాడని అంబేద్కర్ వాదించింది ఇదే. కులానికి టీకా వెయ్యకుండా పేర్ల పుస్తకాలు ఎన్ని తిరగేసినా మన పిల్లలు మొదటి ప్రశ్న దాటి రెండో ప్రశ్న దగ్గర దొరుకుతారు.

మనవడికి వాళ్లకి నచ్చిన పేరే పెట్టుకున్నారు. ఇంటికి తెస్తే నేను మాత్రం తవుడూ అనే పిలుస్తున్నాను. కోడలు మొదట మొహం చిట్లించింది. పెంటకుప్ప సంగతి, వేపచెట్టు సంగతి చెప్పాక, "మావయ్యా, ఇది మీ అబ్బాయికి ఎప్పుడూ చెప్పలేదేం?" అంది. నిజమే, చెప్పలేదు. నా పేరు ఆఫీసులోనే కాదు, ఇంట్లోనూ దాచాను.

ఇది చదివే విద్యార్థులకి ఒక పని చెబుతాను. మీ తాత పేరు చూసి సిగ్గుపడే ముందు, మీ వీధిలో ముసలమ్మలు బతికుండగానే వెళ్లి అడగండి. ఏ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ముందు ఎందరు పోయారు, ఎంతకి కొన్నారు. నోటుపుస్తకంలో రాయండి. బస్టాండులో దొరకని పుస్తకం అది. మొదటి పేజీలో నాది రాసుకోండి: తవుడు, నెల్లిమర్ల, ముందు ముగ్గురు పోయారు, అడ్డెడు తవుడు.